మూల ఎకరం

కాకినాడ రేవులో ఒకటో నంబరు హెచ్చరిక ఎగరేశారని శనివారం పొద్దున రేడియోలో విన్నప్పటి నుంచి ప్రసన్నకుమారికి కాలు ఒకచోట నిలవలేదు. పొయ్యి మీద అన్నం పడేసి తోటకి వెళ్లింది. తిరిగొచ్చేసరికి అన్నం మాడింది. ఆమె భర్త సుకుమార్ మాడిన మెతుకులు పక్కకి నెట్టి, మిగతాది నోరెత్తకుండా తిన్నాడు. తుపాను మాట వినబడిన రోజున ఆమెతో వాదన పెట్టుకోకూడదని అతనికి తెలుసు.

"గెలలు దిగిపోయాయి కదయ్యా. ఇప్పుడు పడితే మనకి పిలకలు కూడా మిగలవు," అంది ఆమె.

"పడతాయని ఎవరన్నారు? అది ఇంకా సముద్రంలోనే ఉంది. మద్రాసు ఎల్లిపోవచ్చు."

"మద్రాసోళ్లు మాత్రం ఏం పాపం చేశారు?"

సుకుమార్ చెయ్యి కడిగేసుకున్నాడు.

తోట వాళ్లది కాదు. భీమరాజుగారి చేలో ఈశాన్యం మూలనున్న ఎకరం, ఏటికేడాది కౌలు. కర్పూర చక్రకేళి వేశారు. కాయలు ఇంకా పలకలుగానే ఉన్నాయి, నిండడానికి నెల పైనే పట్టేలా ఉంది. ఒక్కో గెల బరువుకి చెట్టు ముందుకి వంగిపోయి, నిండు చూలాలు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డట్టుంది. సరిగ్గా ఇలాంటప్పుడే అరటికి గాలంటే గండం.

గాలికి అడ్డంగా చెట్లు లేకపోలేదు. తొంభై ఆరు తుపాను ఊళ్లో సగం కొబ్బరిని పడుకోబెట్టేశాక, భీమరాజుగారు చేనుకి ఉత్తరం గట్టు మీదా తూర్పు గట్టు మీదా మూడేసి వరసల సరుగుడు పెట్టించారు. మంచి పనే చేశారు. ముందు వరసలో సందు ఉన్నచోట వెనక వరసలో చెట్టు వచ్చేలా పెట్టించారు. నాలుగేళ్లకి అవి కొబ్బరిచెట్ల భుజాల దాకా ఎదిగాయి. ఎంత గాలి కొట్టినా హోరుమని అరిచేది అవే, వాటి వెనక అరటాకు గలగలలాడుతుంది తప్ప చీలదు. అయితే రెండు గట్లూ కలిసే మూల మాత్రం ఖాళీ. రెండెడ్లబళ్లు పక్కపక్కన దూరిపోయేంత ఖాళీ. ఈశాన్యం మూయకూడదని, బరువు పెట్టకూడదని రాజుగారు అక్కడ ఒక్క మొక్క కూడా పెట్టనివ్వలేదు. ఎండిన అరటిమట్టలు కూడా ఆ మూల వెయ్యనివ్వరు. చేలో వాస్తు ఏంటని ఊళ్లో ఎవరూ నవ్వలేదు. నవ్వాల్సినవాళ్లు అప్పటికే తమ ఇళ్ల మెట్లు ఈ వైపు నుంచి ఆ వైపుకి మార్పించుకుని, మరుగుదొడ్లు పగలగొట్టించుకుని ఉన్నారు. ఊరికంతటికీ వాస్తు జ్వరం పట్టిన రోజులవి.

తుపాను గాలి మొదట వచ్చేది ఆ మూల నుంచే. రెండువైపులా చెట్లు ఆపేసిన గాలంతా ఆ సందు వెతుక్కుని, గొట్టంలో ఊదినట్టు లోపలికి దూకుతుంది. పోయినేడు మామూలు వాయుగుండానికే మూల దగ్గర సన్నగా మొదలై లోపలికి వెళ్లేకొద్దీ చేటలా విచ్చుకుంటూ చెట్లు పడ్డాయి. సరుగుడు అసలే లేకపోతే అంత నష్టం ఉండేది కాదేమోనని ప్రసన్నకి అనుమానం. అప్పుడు భీమరాజుగారు వచ్చి చూసి, జాలిపడి, ఒక మాట అనేసి వెళ్లారు. "ఇంకో ఏడు చూడండి. మళ్లీ పడితే అరటి ఈ మూలకి అచ్చిరాలేదనుకుని చెరువు తవ్వించేస్తాను. ఈశాన్యంలో నీళ్లుంటే మంచిదని సిద్ధాంతిగారు కూడా అంటున్నారు."

ఆ ఇంకో ఏడు ఇదే.

మధ్యాహ్నం ఆమె రాజుగారి ఇంటికి వెళ్లింది. ఆయన అరుగు మీద పడక్కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నారు. మంచి మనిషే. పలకరిస్తారు, పిల్లల చదువులు అడుగుతారు. ఆయన భార్య మహాలక్ష్మమ్మగారు మజ్జిగ ఇచ్చింది, గోడ మీద విడిగా బోర్లించి ఉండే గ్లాసులో. ప్రసన్న మెట్టు మీద కూర్చుని మజ్జిగ తాగి, గ్లాసు తనే కడిగి మళ్లీ బోర్లించింది. ఆ ఇంట్లో అదెప్పుడూ జరిగేదే, ఎవరూ దాని గురించి మాట్లాడరు.

"మూల సంగతండి," అంది.

"మళ్లీ మొదలెట్టావా? అది దేవుడి మూల, మొక్కలు మాత్రం కుదరదమ్మా. నీకు తెలీదు. మా పెద్దాడు మోటారు సైకిలు మీద నుంచి పడ్డప్పుడు దక్షిణామూర్తి సిద్ధాంతిగారు వచ్చి ఇల్లూ చేలూ అన్నీ చూశారు. ఈశాన్యంలో గడ్డిమేటు ఉంది అప్పట్లో. అది తీయించిన నెలకి వాడు కర్ర లేకుండా నడిచాడు."

విరిగిన కాలు అతుక్కోవడానికి ఆ మాత్రం రోజులు ఎలాగూ పడతాయి. కానీ కొడుకు కాలు గురించి భయపడ్డ తండ్రితో ఆ మాట ఎవరనగలరు? ఆయన కళ్లలో ఆ భయం ఇప్పటికీ ఉంది. ప్రసన్న కూడా ఒక తల్లే.

"మొక్కలు కాదండి. తాటాకు దడి కట్టుకుంటామండి. ఈ గాలి పోయేదాకానే."

భీమరాజుగారు పేపరు మడిచి ఆలోచించారు. "దడి బరువు కాదనుకో. కట్టుకోండి. గాలి తగ్గగానే పీకెయ్యాలి."

"ఆయ్, పీకేస్తామండి."

తిరిగి వచ్చేటప్పుడు ఆమె నడవలేదు, పరిగెత్తింది.

ఆదివారం గుళ్లో అబ్రహాము అయ్యగారు వాక్యం చెబుతున్నారు. ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చున్న ప్రసన్నకి ఒక్క ముక్క చెవికెక్కలేదు. కిటికీలోంచి కనిపించే కొబ్బరి ఆకుల మీదే చూపంతా. ఆకుల కొసలు నైరుతి వైపు తిరిగి అలాగే నిలబడ్డాయి. పాట మొదలవగానే అందరితో పాటు లేచి, అందరూ పాడుతుండగా బయటికి వచ్చేసింది. దేవుడు అర్థం చేసుకుంటాడని ఆమె నమ్మకం. అయ్యగారే అర్థం చేసుకోరు.

తోట దగ్గర సుకుమార్, బుల్లియ్య అప్పటికే గెడలు పాతుతున్నారు. బుల్లియ్య వాళ్లకి వరసకి మామ, తాటిచెట్లెక్కి ఆకు కొట్టడం అతని పని. ఊళ్లో సగం పాకలకి కప్పు అతని చేతి ఆకే.

"గుడి ఒగ్గేసి వచ్చేశావేంటే?" అన్నాడు బుల్లియ్య.

"ఆ మాట అడుగుతున్నవాడివి నువ్వెప్పుడెళ్లావు మామా?"

"నేను రోజూ ఆయనకి దగ్గరగా పైకెక్కి వస్తన్నాను కదా."

సరుగుడు గెడలు నడుంలోతు పాతారు. వెదురు బద్దలు అడ్డంగా కట్టి, తాటాకులు నిలువుగా నిలబెట్టి కొబ్బరితాడుతో బిగించారు. బుల్లియ్య ఒక పొర చాలన్నాడు. ప్రసన్న రెండో పొర వేయించింది. వెలుతురు కనిపించిన చోటల్లా వేలితో చూపించి, అక్కడ ఇంకో ఆకు దూర్పించింది. దడి వెనక నిలబడి చెయ్యి చాచి చూసుకుంది. గాలి అన్నదే తగల్లేదు. చెవులు మూసుకున్నట్టు అయిపోయింది. ఎన్నాళ్ల నుంచో మోస్తున్న బరువు దించినట్టనిపించి, అక్కడే గట్టు మీద కూలబడి తాటాకు కోసుకుపోయిన వేళ్లు నోట్లో పెట్టుకుంది.

"గోడ కట్టినట్టు కట్టావే మామా," అంది.

"గోడే. దున్నపోతు గుద్దినా కదల్దు," అన్నాడు బుల్లియ్య.

ఎవరికీ అనుమానం రాలేదు. గాలి రాకూడదంటే మూసెయ్యాలి, అంతే కదా. ఇంటి తలుపు అలాగే వేస్తాం. తోటకి కూడా అదే లెక్క అనుకున్నారు ముగ్గురూ.

సోమవారం తెల్లవారాక వాన లేదు, గాలి మాత్రం మొదలైంది. వాయుగుండం దివిసీమ వైపు వెళుతోందని రేడియో చెప్పింది. అంచు తగిలినా చాలు అరటికి. ప్రసన్న నెత్తికి గుడ్డ చుట్టుకుని, మొలలో కొడవలి దోపుకుని తోటకి వచ్చింది. సుకుమార్ వెనకాలే ఊతకర్రలు మోసుకొచ్చాడు. బుల్లియ్య ఎందుకొచ్చాడో తెలీదు. తను కట్టిన దడి చూసుకోవడానికే అయ్యుంటుంది.

దడి నిలబడింది. దాని వెనక రెండు వరసల అరటి దీపాల్లా కదలకుండా ఉన్నాయి. ప్రసన్న మురిసిపోయింది. అంతలో తోట లోపల్నుంచి చెరుకు విరిచినట్టు చప్పుడైంది. వెంటనే ఇంకోటి.

ఆమె ఆ వైపు పరిగెత్తింది. పడ్డవి మూల దగ్గరవి కాదు. తోట నడిమధ్యన, పోయినేడు కూడా క్షేమంగా నిలబడ్డ వరసల్లో చెట్లు. పడ్డ తీరు కూడా వేరు. ఒకటి ఇటు, ఒకటి అటు, మెడ పట్టుకుని మెలితిప్పినట్టు. ఊతకర్రలు గెలల కింద ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి, చెట్లు వాటి మీంచి పక్కకి తిరిగి పడ్డాయి. ఆమె తలెత్తి చూసింది. దడి మీదుగా ఎగిరొచ్చిన ఎండుటాకొకటి పైన కాసేపు తేలి, సరిగ్గా ఆ చోటికి వచ్చి నిలువునా కిందికి దిగి, నేల మీద గిర్రున తిరిగింది. దాని వెనక ఇంకొకటి, అదే దారి.

"పైనుంచి దిగుతోంది," అంది ఎవరితోనో కాకుండా. "గోడ దూకి వస్తోంది."

"ఏంటే?" సుకుమార్ గాలిలో అరిచాడు.

ఆమె తూర్పు గట్టు వైపు చూసింది. అక్కడ సరుగుడు చెట్లు ఊగిపోతున్నాయి, అరుస్తున్నాయి. వాటిలోంచి గాలి వస్తూనే ఉంది. వాటి వెనక అరటాకులన్నీ వణుకుతున్నాయి, కానీ ఒక్క చెట్టూ పడలేదు. అక్కడ గాలిని ఎవరూ ఆపలేదు. కొంత వదిలి, కొంత పట్టుకుని, నీరసపరిచి పంపుతున్నాయి ఆ చెట్లు. నాలుగేళ్ల నుంచి రోజూ ఆ చప్పుడు వింటూ, అది గాలి ఆగిపోయే చప్పుడనుకుంది తను.

కొడవలి తీసుకుని దడి మీద పడింది. ఒక ఆకు కట్టు తెంచి లాగేసింది. దాని పక్కది వదిలి తర్వాతది లాగింది.

"ఓసి పిచ్చిదానా! కట్టిందాన్ని పీకేస్తున్నావేంటే?" సుకుమార్ పరిగెత్తుకొచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"వదులు! ఒకటి ఉంచి ఒకటి పీకు. పై నుంచి కింది దాకా పీకు. నిలబడి చూస్తావేంటయ్యా, పీకు!"

"నిన్న రెండు పొరలు వెయ్యమన్నదెవరే!" బుల్లియ్య నెత్తి కొట్టుకున్నాడు.

"నేనే మామా, నేనే అన్నాను. నాకు బుద్ధి లేదు. ఇప్పుడు పీకు!"

ఏడుస్తోందో, కంట్లో దుమ్ము పడిందో తెలియని ఆమె ముఖం చూసి సుకుమార్ చెయ్యి వదిలేశాడు. పెళ్లైన పద్నాలుగేళ్లలో ఆమె తప్పు ఒప్పుకోవడం అతను వినడం అదే మొదటిసారి. అది చాలు అతనికి, పరిస్థితి ఎంత దూరం వెళ్లిందో అర్థం కావడానికి. అటు చివర నుంచి అతనూ పీకడం మొదలుపెట్టాడు. బుల్లియ్య తన పనితనాన్ని తనే చెడగొట్టుకుంటూ, ఒక్కో ఆకుకీ ఒక్కో తిట్టు తిట్టాడు. తాటాకు అంచులు ముగ్గురి చేతులూ కోశాయి.

ఆకులు పలచబడేకొద్దీ దడి పాడడం మొదలుపెట్టింది. గాలి పాయలు పాయలుగా చీలి లోపలికి వచ్చి వాళ్ల ముఖాలకి తగిలింది. వెనకనున్న మొదటి రెండు వరసలూ, పొద్దుట్నుంచి కదలనివి, వణకడం మొదలెట్టాయి. చేజేతులా వాటిని కూడా చంపుకుంటున్నానేమో అనుకుంది ప్రసన్న. దడి గెడ పట్టుకుని అలాగే నిలబడి చూసింది. ఆకులు కొట్టుకున్నాయి, కొన్ని చీలాయి. గెలలు ఊగాయి. చెట్లు మాత్రం నిలబడ్డాయి. తోట మధ్యలో పెళపెళలు ఆగిపోయాయి.

ఆ గాలి మర్నాడు మధ్యాహ్నం దాకా కొట్టింది. ఆ రెండు రోజులూ ఆమె తోట చుట్టూ తిరుగుతూనే ఉంది. కూర్చోమని సుకుమార్ బతిమాలాడు. కూర్చుంటే ఏదో ఒక చెట్టు పడుతుందన్నట్టు తిరిగింది.

బుధవారం ఎండ కాసింది. భీమరాజుగారు గొడుగు చంకన పెట్టుకుని గట్టు మీదుగా వచ్చారు. ముగ్గురూ పడిపోయిన చెట్లు నరుకుతున్నారు. పడ్డవి కొన్నే, అన్నీ తోట నడిమధ్యన ఒకే చోట. రాజుగారు ముందు అవి చూశారు. తర్వాత నిలబడ్డవాటిని చూశారు. చూస్తూ చూస్తూ ప్రసన్న వాళ్ల తోట దాటి, దానికి నైరుతి పక్కనున్న తన సొంత అరటి దాకా నడిచి, కాసేపు అక్కడే ఉండి తిరిగొచ్చారు. మూలలోంచి వచ్చే గాలి ప్రతి ఏడూ వీళ్ల ఎకరం ముగించుకుని ఆయన అరటిలోకే పోతుంది. ఈసారి అక్కడ ఒక్కటీ పడలేదు.

దడి ముందుకు వచ్చి, ఆకుల సందుల్లోంచి అవతలికి చూశారు. సందులోకి చెయ్యి పెట్టి గాలి తగులుతోందా అని కూడా చూశారు.

"చెరువు సంగతి తర్వాత చూద్దాంలే," అన్నారు గట్టు మీదికి తిరిగొచ్చి. "ఈ దడి ఎన్నాళ్లుంటుంది? ఈ మూల కూడా సరుగుడు పెట్టెయ్యండి. ఇలాగే సందులు వదిలి పెట్టండి. గాలి వెళుతోంది కదా, మూసినట్టు కాదు. సిద్ధాంతిగారికి నేను చెప్పుకుంటాలే."

నాలుగేళ్లుగా ఎవరెంత బతిమాలినా కదలని ఈశాన్యం, ఆయన అరటి నిలబడగానే తనంతట తనే కదిలింది. అయినా ప్రసన్నకి సంతోషం ఆగలేదు. ఈ మాట కోసమే కదా ఇన్నాళ్లూ ఆ మెట్ల మీద కూర్చుంది.

"ఆయ్, అలాగేనండి. రేపే పెట్టేస్తామండి," అన్నాడు సుకుమార్. రాజుగారు సముద్రంలో పెట్టమన్నా అతను ఆ మాటే అంటాడు.

ప్రసన్న చేతిలో కత్తి నేలకి గుచ్చింది. సంతోషం ఇంకా గుండెలో ఉండగానే దాని కింద ఇంకేదో కదిలింది. సరుగుడు గాలికి అడ్డు నిలబడేసరికి మూడేళ్లు. మొదటి ఏడు వేసవిలో బిందెలతో నీళ్లు పొయ్యాలి, మేకల్ని తోలాలి, పాదులు చెయ్యాలి. అన్నీ అయ్యి చెట్లు లేచాక, గాలి తగలని ఎకరం ఊళ్లో ఎవరికి చేదు?

"పెడతామండి," అంది. "మూడేళ్లు పడుద్ది కదండి అవి లేవడానికి. ఆ మూడేళ్లూ ఈ ఎకరం మాకే ఉంచుతారాండి?"

భీమరాజుగారు నవ్వారు. "ఉంచక ఏం చేస్తానే? మూడేళ్లేంటి, పదేళ్లు చేసుకోండి. కాదన్నానా ఎప్పుడన్నా?"

ఎంత తేలిగ్గా అన్నారో. గొడుగు ఒక చంక నుంచి ఇంకో చంకకి మార్చుకున్నంత తేలిగ్గా.

"ఆ మాట ఆ మూల నిలబడి చెప్పండి," అంది ప్రసన్న.

సుకుమార్ నరుకుతున్న చెయ్యి ఆగిపోయింది. బుల్లియ్య తల ఎత్తలేదు, కానీ అతనూ ఆగాడు.

"అక్కడెందుకు?"

"అది దేవుడి మూలని మీరే చెప్పారు కదండి."

"ప్రసన్నా..." అన్నాడు సుకుమార్.

భీమరాజుగారి ముఖంలో నవ్వు కాసేపు అలాగే ఉండి, తర్వాత పోయింది. కోప్పడతారేమోనని ముగ్గురూ ఎదురుచూశారు. కోప్పడితే సులువుగా తేలిపోయేది. తిట్టేసి వెళ్లిపోవచ్చు, ఎకరం వేరేవాళ్లకి ఇచ్చెయ్యచ్చు, అడిగేదెవరు? ఆయన మూల వైపు చూశారు. తను నమ్మిన దానికి తనే భయపడుతున్న మనిషి ముఖం ఎలా ఉంటుందో ప్రసన్న దగ్గరగా చూసింది. ఆమెకి కాస్త జాలి కూడా వేసింది. వెనక్కి తగ్గలేదు.

ఆయన చెప్పులు గట్టు మీద విడిచారు. బురదలో నడుచుకుంటూ వెళ్లి, దడి పక్కన, రెండు గట్లూ కలిసే చోట నిలబడ్డారు. సందుల్లోంచి వచ్చే గాలికి పంచె కాళ్లకి చుట్టుకుంది. నోరు తెరిచారు. నేల వైపు చూశారు.

"మూడు కుదరదమ్మా," అన్నారు చివరికి. గట్టు మీద మాట్లాడిన గొంతు కాదది. "పెద్దాడు రొయ్యల చెరువంటున్నాడు. నేనెంత చెప్పినా అన్నాళ్లు ఆగడు. రెండేళ్లు. ఈ రెండేళ్లూ ఎవరొచ్చి అడిగినా ఈ మూల నీదే."

పదేళ్లన్నప్పుడు ఆమె ఒక్క క్షణం కూడా నమ్మలేదు. రెండేళ్లనగానే నమ్మింది.

"సరేనండి," అంది.

ఆయన వచ్చి చెప్పులేసుకుని, ఎవరి వైపూ చూడకుండా గట్టు దిగి వెళ్లిపోయారు. గొడుగు అక్కడే మర్చిపోయారు. బుల్లియ్య దాన్ని తీసుకుని, ఇచ్చొస్తానని వెనకాలే బయల్దేరాడు.

సుకుమార్ మళ్లీ కత్తి అందుకున్నాడు. పడ్డ చెట్టు మీద నుంచి గెల కోసి భుజాన వేసుకుని, దించి, మళ్లీ వేసుకున్నాడు.

"రెండేళ్లకి సరుగుడు ఏం లేస్తాదే? పెట్టి ఉపయోగం ఏంటి?"

"సరుగుడు ఎవరు పెడతానన్నారు? భూమున్నోళ్లు పెట్టుకుంటారు అది. మనం అవిసె వేద్దాం. తమలపాకు తోటల్లో చూళ్లేదా, ఆరు నెలలకే మనిషిని దాటిపోద్ది. ఆకు చిన్నది, గాలి కూడా కొంచెం కొంచెంగా వదులుద్ది."

"అవిసె గట్టి చెట్టు కాదు కదే. ఎన్నాళ్లుంటుంది?"

"మనమున్నన్నాళ్లు ఉంటది," అంది ప్రసన్న.